రెండు రోజులు ఆగిపోయిన రిపోర్టు
(మాసిడోనియా దర్బారులో ఒక సుబేదార్)



చరిత్ర రాయడం పండితుల పని. నేను ఇంటర్మీడియట్ పాసై ఫౌజులో భర్తీ అయినవాణ్ణి. 28 ఏళ్లు సర్వీసు చేసి సుబేదారుగా ఇంటికొచ్చాను. అయినా ఈ వ్యాసం రాయడానికి ధైర్యం చేస్తున్నానంటే దానికి కారణం ఒక నది. 1990ల చివర్లో మా పల్టన్ పంజాబ్‌లో ఉండేది. ఒక ఎక్సర్‌సైజులో బియాస్ ఒడ్డున రెండు రాత్రులు మకాం వేశాం. తెల్లారి టీ తాగుతుంటే మా కంపెనీ కమాండర్ సాబ్ నీళ్ల వైపు చూపించి, "లోకమంతా గెలుద్దామని వచ్చిన అలెగ్జాండర్ ఈ నది దాటలేదు, తెలుసా?" అన్నారు. "సైనికులు అలసిపోయారు కదా సాబ్" అన్నాను. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివింది అంతే మరి. ఆయన నవ్వి, "ఎనిమిదేళ్లు నడిచినవాళ్లు తొమ్మిదో ఏడు నడవలేరా? ఆలోచించు" అని వెళ్లిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. యూనిట్ లైబ్రరీలో దొరికినవి, ఛుట్టీలో హైదరాబాదులో కొన్నవి, ఆ తర్వాత పిల్లలు తెచ్చిపెట్టినవి, అలెగ్జాండర్ మీద పుస్తకాలు ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. అరియన్, ప్లూటార్క్, కర్షియస్, డయోడోరస్ అనే పాతకాలపు రచయితలు ఈ కథ చెప్పారు. వాళ్లంతా అలెగ్జాండర్ చనిపోయిన మూడు నాలుగు వందల ఏళ్లకు రాసినవారే. అందుకని కొన్నిచోట్ల ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొత్తు కుదరదు. ముఖ్యమైన సంగతులు మాత్రం కలుస్తాయి.

'ఆదిత్య 369' సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. 1991లో వచ్చింది. కాలయంత్రం ఎక్కి రాయలవారి కాలానికి వెళ్లే కథ. ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. ఆ యంత్రం నన్ను రాయలవారి దగ్గర దింపకుండా, ఇంకా వెనక్కి, రెండువేల మూడువందల ఏళ్ల కిందటి మాసిడోనియా శిబిరంలో దింపితే? కత్తి చేతికిచ్చి నిలబెడితే ఎక్కడ నిలబడతాను? యుద్ధం సంగతి సరే, ఆ దర్బారులో ఎవరి మాట వినాలి, ఎవరికి రిపోర్టు చేయాలి?

నిలబడే చోటు సులువుగానే దొరికేది. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ క్రీ.పూ. 359లో అధికారానికి వచ్చేనాటికి మాసిడోనియా బలహీనమైన రాజ్యం. ఆయన రైతుల్ని, గొర్రెల కాపరుల్ని చేర్చుకుని డ్రిల్లు నేర్పి సైన్యం కట్టాడు. చేతికి సరిస్సా అనే పొడవాటి బల్లెం ఇచ్చాడు. అయిదారు మీటర్ల పొడవు. రెండు చేతులతో పట్టుకోవాలి. అలెగ్జాండర్ నాటికి ఒకరి వెనక ఒకరుగా 16 మంది ఒక వరస. వరసకు ముందు నిలబడేవాడు ఆ వరసకు నాయకుడు. వాడి తర్వాతి వాడికి మామూలు సిపాయికంటే రెట్టింపు జీతం. మన నాయక్, హవల్దార్‌ల లాంటి మనుషులు వాళ్లు. కాబట్టి నాబోటివాడికి అక్కడా పని ఉండేది. చిక్కంతా దర్బారుతోనే.

వినని అర్జీ

ఫిలిప్‌ను చంపింది శత్రువు కాదు, సొంత అంగరక్షకుడు.

క్రీ.పూ. 336. గ్రీసు ఉత్తరాన నేడు వెర్జినా అని పిలిచే చోట అప్పట్లో ఎగై నగరం ఉండేది. ఫిలిప్ కూతురి పెళ్లి వేడుకలు. తెల్లవారుతుండగానే నాటకశాల జనంతో నిండిపోయింది. పన్నెండుమంది దేవతల విగ్రహాలు ఊరేగించి, పదమూడోదిగా రాజు తన విగ్రహం కూడా తెప్పించాడు. నా జనం మధ్య నాకు భయమేమిటన్నట్టు కాపలావాళ్లను దూరంగా ఉండమని ఒంటరిగా లోపలికి నడిచాడు. పౌసానియస్ అనే అంగరక్షకుడు ముందుకొచ్చి పొడిచేశాడు. గుర్రాల దగ్గరికి పరుగెత్తబోతే కాలు తీగకు చిక్కి పడ్డాడు. వెంటపడినవాళ్లు అక్కడికక్కడే చంపేశారు.

ఎందుకు చంపాడు? అట్టాలస్ అనే సేనాని పౌసానియస్‌ను ఘోరంగా అవమానించాడు. రాయడానికి కూడా బాగుండని అవమానం. పౌసానియస్ నేరుగా రాజుకు మొరపెట్టుకున్నాడు. కానీ అట్టాలస్ రాజుగారి కొత్త భార్యకు బంధువు. పైగా పర్షియా మీదికి పంపబోయే ముందస్తు దళానికి నాయకుల్లో ఒకడు. అందుకని ఫిలిప్ ఏం చేశాడు? పౌసానియస్‌కు బహుమానాలిచ్చాడు, అంగరక్షకుల్లో పెద్ద స్థానం ఇచ్చాడు. న్యాయం మాత్రం చేయలేదు.

మన భాషలో చెప్పాలంటే అర్జీ పెట్టుకున్నవాడికి ప్రమోషన్ దొరికింది గానీ అర్జీకి జవాబు దొరకలేదు. అలాంటి మనిషిని ఆయుధంతో తన పక్కనే నిలబెట్టుకున్నాడు రాజు.

దీని వెనక ఇంకెవరైనా ఉన్నారా అనే అనుమానం ఆనాడే పుట్టింది. అంతకుముందు ఏడాది ఫిలిప్ కొత్త పెళ్లి విందులో, ఇక మన రాజ్యానికి అసలైన వారసుడు పుట్టాలని అట్టాలస్ తాగి మొక్కాడు. మరి నేనెవణ్ణని అలెగ్జాండర్ చేతిలోని పాత్ర అతని మీదికి విసిరాడు. కొడుకు మీదికి కత్తి దూసిన ఫిలిప్ తాగిన మత్తులో తూలి పడ్డాడు. తల్లి ఒలింపియాస్, కొడుకు దేశం విడిచివెళ్లారు. తర్వాత తండ్రీకొడుకులకు రాజీ కుదిరినా ఆ మచ్చ పోలేదు. అందుకే హత్య జరగగానే కొందరి వేళ్లు ఒలింపియాస్ వైపు, కొందరివి అలెగ్జాండర్ వైపు తిరిగాయి. హంతకుణ్ణి వెంటనే చంపేశారు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. ఆ ప్రశ్న ఈనాటికీ అలాగే ఉంది.

అలెగ్జాండర్ ఇరవై ఏళ్లకే రాజయ్యాడు. సింహాసనానికి పోటీ రాగల పెదతండ్రి కొడుకు అమింటాస్‌ను చంపించాడు. ఆసియాలో ఉన్న అట్టాలస్‌ను కూడా మనిషిని పంపి చంపించాడు. అక్కడ అట్టాలస్‌తో కలిసి దళాన్ని నడుపుతున్నది పర్మేనియన్ అనే వృద్ధ సేనాని. అట్టాలస్ ఆయనకు స్వయానా అల్లుడు. అల్లుణ్ణి చంపినా ఆయన అలెగ్జాండర్ పక్షానే నిలిచాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

గుమ్మం దగ్గర ఆగిన మాట

తర్వాతి ఆరేళ్ల కథ అందరికీ తెలిసిందే. క్రీ.పూ. 334లో గ్రానికస్, 333లో ఇస్సస్, 331లో గాగమేలా. మూడు యుద్ధాల్లోనూ కుడివైపు అలెగ్జాండర్ గుర్రపుదళంతో దూసుకుపోతే, ఎడమవైపు శత్రువు బరువంతా కాచింది పర్మేనియన్. ముగ్గురు కొడుకుల్నీ వెంట తెచ్చాడు. హెక్టర్ నైలు నదిలో మునిగి పోయాడు. నికనోర్ జబ్బుచేసి 330లో చనిపోయాడు. మిగిలింది పెద్దకొడుకు ఫిలోటస్. రాజుగారి సొంత అశ్వదళానికి అధిపతి. ధైర్యవంతుడే, కాకపోతే గొప్పలు ఎక్కువ, మాట దురుసు. శత్రువుల కంటే తోటివాళ్లే అతని మీద ఎక్కువ కన్నేశారు. క్రాటెరస్ అనే సేనాని అయితే ఫిలోటస్ ఉంపుడుగత్తెనే లోబరచుకుని, ఇంట్లో అతను అన్న మాటలన్నీ తెప్పించుకుని రాజు చెవిన వేసేవాడని ప్లూటార్క్ రాశాడు.

క్రీ.పూ. 330 చివరికి సైన్యం నేటి అఫ్గానిస్తాన్‌లోని ఫరా ప్రాంతంలో దిగింది. మన కాలయంత్రాన్ని ఇక్కడే ఆపుదాం. నేను రాజు బస ముందు పహరాలో ఉన్నాననుకోండి. నా కళ్ల ముందు జరిగేది ఇది.

డిమ్నస్ అనే ఒక మామూలు మనిషి, మూడు రోజుల్లో రాజును చంపబోతున్నామని తన స్నేహితుడు నికోమాకస్‌కు చెప్పాడు. ఆ కుర్రవాడు భయపడి తన అన్న సెబాలినస్‌కు చెప్పాడు. సెబాలినస్ పరుగున రాజు బస దగ్గరికి వచ్చాడు. కానీ లోపలికి వెళ్లే హోదా అతనికి లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అప్పుడే ఫిలోటస్ వచ్చాడు. రోజుకు రెండుసార్లు రాజును కలిసే మనిషి. సెబాలినస్ అంతా చెప్పి, వెంటనే రాజుకు తెలియజేయమని వేడుకున్నాడు. సరేనన్నాడు ఫిలోటస్. లోపలికి వెళ్లాడు, రాజుతో చాలాసేపు మాట్లాడాడు, ఈ మాట తప్ప. సాయంత్రం బయటికొస్తే సెబాలినస్ అడిగాడు. రాజుగారికి తీరిక లేదన్నాడు. మర్నాడూ అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, ఇక్కడ దేవుడి దాకా మొర వెళ్లనే లేదు.

చివరికి సెబాలినస్ ఆయుధశాల చూసే ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నాడు. ఆ కుర్రవాడు సెబాలినస్‌ను ఆయుధాల మధ్య దాచి, స్నానం చేస్తున్న రాజు దగ్గరికే వెళ్లి చెప్పేశాడు. డిమ్నస్‌ను పట్టుకోబోతే ప్రాణాలతో దొరకలేదు. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఫిలోటస్ రెండు రోజులు ఎందుకు చెప్పలేదు?

అతని జవాబు: "అది స్నేహితుల మధ్య ఏదో గొడవ అనుకున్నాను. నమ్మదగిందిగా అనిపించలేదు."

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. నాయబ్ సుబేదారుగా ఉన్న రోజులు. ఒక ఫీల్డు పోస్టు. సాయంత్రం ఒక జవాన్ వచ్చి, "సాబ్, ఫలానా అన్న రెండు రోజులుగా లంగర్‌కి సరిగా రావట్లేదు. ఛుట్టీ ఆగిపోయిందని హవల్దార్ సాబ్ మీద మండిపోతున్నాడు. 'వాడి సంగతి చూస్తా' అంటున్నాడు. ఎందుకో భయంగా ఉంది" అన్నాడు. నేను నవ్వేశాను. "ఛుట్టీ దొరక్క కోప్పడని ఫౌజీ ఎవడ్రా? రెండ్రోజులకు అదే చల్లారుతుంది" అన్నాను. ఆరోజు కంపెనీ కమాండర్ సాబ్‌ను రెండుసార్లు కలిశాను. రేషన్ గురించి, బండ్ల గురించి మాట్లాడాను. ఈ మాట ఎత్తలేదు. మర్నాడు ఆ కుర్రాడు మళ్లీ, "సాబ్, చెప్పారా?" అన్నాడు. "చెబుతాలే" అన్నాను. మూడోరోజు తెల్లవారుజామున ఆ మనిషి రైఫిల్ మడమతో హవల్దారును కొట్టాడు. హవల్దారు దవడ విరిగింది, ప్రాణం దక్కింది. కొట్టినవాడి మీద కోర్ట్ మార్షల్ జరిగి ఉద్యోగం ఊడింది. ఊళ్లో భార్య, ఇద్దరు పిల్లలు. ఒక్క ఇంటర్వ్యూ ఇప్పించి, నాలుగు రోజులు ఇంటికి పంపితే సరిపోయేది. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చింది నేనే.

ఎంక్వయిరీలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను చెప్పలేదు. రిపోర్టు నా దగ్గర ఆగిందని ఆ కుర్రాడికి, నాకు, పైవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లకు ఈ సంచికలోనే మొదటిసారి రాస్తున్నాను.

అందుకే ఫిలోటస్ జవాబు చదివినప్పుడు పుస్తకం మూసేశాను. అది నా జవాబే. అతను కుట్రలో ఉన్నాడనడానికి గట్టి సాక్ష్యం లేదు. పర్మేనియన్ కుటుంబాన్ని తుడిచేయడానికి దర్బారే ఈ అవకాశాన్ని వాడుకుందని ఎర్నెస్ట్ బాడియన్ అనే చరిత్రకారుడు 1960లో వాదించాడు. అది కాదన్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను ఒకటే చెప్పగలను. ద్రోహం చేయాలనే ఉద్దేశం లేకపోయినా రిపోర్టు ఆపవచ్చు. పైవాడి ముందు చిన్నబోతామేమో, ఇంత చిన్న విషయం మోసుకొచ్చావా అంటాడేమో, రేపు చూద్దాంలే. అంతే, అక్కడ ఆగిపోతుంది.

తెరిచిన ఉత్తరాలు

కానీ ఫిలోటస్‌కు పడిన శిక్ష నిర్లక్ష్యానికి పడే శిక్ష కాదు. ఆ రాత్రి రాజు అతణ్ణి తన విందుకు పిలిచాడని, ఏమీ తెలియనట్టే మాట్లాడాడని కర్షియస్ రాశాడు. నడిరాత్రి పట్టుకున్నారు. రాజద్రోహ విచారణ సైన్యం ముందు జరగడం మాసిడోనియా ఆచారం. సుమారు 6000 మంది సిపాయిల ముందు నిలబెట్టారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. చంపేశారు. అందరికంటే తీవ్రంగా మాట్లాడినవాళ్లలో కోయినస్ ఒకడు. ఇతను ఫిలోటస్‌కు స్వయానా బావ, అతని చెల్లెల్ని పెళ్లాడినవాడు. తన మీదికి అనుమానం రాకూడదని అంత గట్టిగా అరిచాడేమో. దర్బారు భయం అలాంటిది.

ఇంకా తండ్రి ఉన్నాడు. పర్మేనియన్ అప్పుడు ఎక్బటానాలో, అంటే నేటి ఇరాన్‌లోని హమదాన్‌లో, పెద్ద సైన్యంతో వెనకదారి కాస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన మీద విచారణ లేదు, సాక్ష్యం లేదు. కొడుకు చావు కబురు చేరకముందే పని ముగించాలి. పోలిడామస్ అనే మనిషిని ఎంచుకున్నారు. పర్మేనియన్‌కు స్నేహితుడు గనక ఆయన అనుమానించడు. పోలిడామస్ తమ్ముళ్లను శిబిరంలో ఆపుకుని, అరబ్బు వేషం వేయించి, పరుగు ఒంటెల మీద పంపారు. మామూలుగా నెల పైన పట్టే దారి 11 రోజుల్లో దాటాడు. పర్మేనియన్ తోటలో తిరుగుతున్నాడు. మిత్రుణ్ణి చూసి సంతోషంగా ఎదురొచ్చాడు. రాజుగారి ఉత్తరం చదివాడు. తర్వాత ఫిలోటస్ పేరుతో, అతని ముద్రతో ఉన్న ఉత్తరం తెరిచాడు. కొడుకు ఉత్తరమని ముఖం వికసించిందట. అప్పుడే క్లియాండర్ అనే అధికారి పక్కలో పొడిచాడు.

మన తెలుగువాళ్లకు తిమ్మరుసు కథ తెలుసు. రాయలవారిని చేయిపట్టి నడిపిన మహామంత్రి, యువరాజుకు విషం పెట్టించాడన్న అనుమానంతో కళ్లు పోగొట్టుకున్నాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. 1962లో సినిమా కూడా వచ్చింది. దేశం వేరు, కాలం వేరు. దర్బారులో ముసలి సేవకుడి గతి మాత్రం ఒకటే.

ఎక్బటానాలో సిపాయిలు ఊరుకోలేదు. ముసలాయన శవం ఇవ్వకపోతే తోట గోడ పడగొడతామని తిరగబడ్డారు. తల కోసి రాజుకు పంపి, మొండెం మాత్రం పాతిపెట్టుకోనిచ్చారు.

తర్వాతి సంగతి మన ఫౌజీలకు ఎక్కువ తగులుతుంది. అలెగ్జాండర్ తన సైనికులతో, ఇంటికి మనిషి వెళుతున్నాడు, ఉత్తరాలు రాసుకోండి అన్నాడు. ఎన్నేళ్లకో దొరికిన అవకాశం. పాపం, మనసులో ఉన్నదంతా రాశారు. అలసిపోయామని, పర్మేనియన్‌కు అన్యాయం జరిగిందని. ఆ ఉత్తరాలన్నీ తెరిచి చదివారు. అలా రాసినవాళ్లందర్నీ పల్టన్ల నుంచి విడదీసి ఒకే దళంగా కట్టారు. ఆ దళానికి క్రమశిక్షణ లేనివాళ్ల దళమని పేరు పెట్టారు. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత యుద్ధంలో వాళ్లంత పట్టుదలగా ఇంకెవరూ పోరాడలేదట. మచ్చ పోగొట్టుకోవాలని.

మన రోజుల్లో ఫీల్డు ఏరియా నుంచి రాసే ఇన్‌లాండ్ లెటర్లు కూడా సెన్సారు కావడం ఎరిగినవాళ్లమే. స్థలం పేరు, యూనిట్ కదలిక రాయకూడదు, అది రక్షణ కోసం. ఇది అలాంటిది కాదు. మనసు విప్పమని అడిగి, విప్పినవాణ్ణి పట్టుకోవడం. ఆ రోజు నుంచి ఆ శిబిరంలో ఎవడు ఎవడితో నిజం మాట్లాడి ఉంటాడు?

బడాఖానాలో బల్లెం

రెండేళ్లు తిరక్కుండానే, క్రీ.పూ. 328లో, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో విందు జరిగింది. ఫిలోటస్ దళంలో సగానికి కొత్తగా అధిపతి అయిన క్లీటస్ అందులో ఉన్నాడు. గ్రానికస్ దగ్గర అలెగ్జాండర్ తల మీద కత్తి పడబోతుంటే శత్రువు చేయి నరికి ప్రాణం కాపాడింది ఇతనే. అందరూ బాగా తాగారు. ఈమధ్య ఓడిన సేనానులను ఎగతాళి చేస్తూ ఎవరో పాట అందుకున్నారు. పరాయివాళ్ల ముందు మనవాళ్లను అవమానిస్తారా, నవ్వేవాళ్లకంటే చచ్చినవాళ్లే మేలని క్లీటస్ లేచాడు. మాటా మాటా పెరిగింది. నీ గొప్పంతా మీ నాన్న కట్టిన సైన్యం పుణ్యమేనన్నాడు. స్నేహితులు బయటికి లాక్కెళితే ఇంకో ద్వారం నుంచి మళ్లీ వచ్చాడు. అలెగ్జాండర్ కాపలావాడి చేతిలోని బల్లెం లాక్కుని పొడిచేశాడు. మత్తు దిగాక మూడు రోజులు తిండి లేకుండా ఏడ్చాడు. ఏం లాభం?

ఈ ఘట్టంలో అందరూ రాజునీ క్లీటస్‌నీ చూస్తారు. నా కన్ను మాత్రం ఒక చిన్న మనిషి మీద పడింది. గొడవ ముదిరినప్పుడు అలెగ్జాండర్ బూర ఊదేవాణ్ణి పిలిచి అలారం ఊదమన్నాడు. వాడు ఊదలేదు. రాజు గుద్దాడు. అయినా ఊదలేదు. ఊది ఉంటే చీకట్లో శిబిరమంతా ఆయుధాలు పట్టుకుని లేచేది. ఎవరు ఎవర్ని చంపేవారో. ఆ బూరవాడి వల్లే శిబిరం అల్లకల్లోలం కాలేదని తర్వాత అతనికి మంచి గౌరవం దక్కిందని ప్లూటార్క్ రాశాడు. పేరు మాత్రం రాయలేదు. కాలయంత్రం నన్ను ఆ రాత్రి అక్కడ దింపితే, నిలబడితే వాడి పక్కన నిలబడాలి.

మరుసటి ఏడాది రాజసేవలో ఉన్న కుర్రవాళ్లే చంపడానికి కుట్ర పన్నారు. హెర్మోలాస్ అనే కుర్రవాడు వేటలో రాజుకంటే ముందు అడవిపందిని పొడిచాడని అందరి ముందూ కొట్టించి, గుర్రం లాగేసుకున్నాడు రాజు. మళ్లీ అదే: అవమానం, తీరని అర్జీ. వాళ్లనూ రాళ్లతో కొట్టి చంపారు.

బియాస్ ఒడ్డున దర్బార్

క్రీ.పూ. 326. జీలం ఒడ్డున పురుషోత్తముడితో భీకర యుద్ధం చేసి గెలిచారు. ఏకధారగా వాన. డెబ్బై రోజులు కురిసిందని డయోడోరస్ లెక్క. బట్టలు చిరిగిపోయాయి, గుర్రాల గిట్టలు అరిగిపోయాయి. అవతల గంగ ఒడ్డున నందుల సైన్యం, వేల ఏనుగులు ఉన్నాయని కబుర్లు. బియాస్ దగ్గర సైన్యం గుంపులు గుంపులుగా గొణగడం మొదలుపెట్టింది. అలెగ్జాండర్ పల్టన్ల అధికారులను పిలిచి పెద్ద ప్రసంగం చేశాడు. మీ అభిప్రాయం చెప్పండి, నాకు ఎదురు చెప్పినా పర్వాలేదన్నాడు.

అరియన్ ఇక్కడ రాసిన సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రాజు మళ్లీ మళ్లీ అడిగాడు. నిశ్శబ్దం.

మనకు సైనిక్ సమ్మేళనం ఉంది. మనం దర్బార్ అంటాం. చివర్లో సీఓ సాబ్, "కిసీకో కోయీ పాయింట్?" అని అడుగుతారు. మంచి పల్టన్‌లో నాలుగు చేతులు లేస్తాయి. లంగర్ గురించో, ఫ్యామిలీ క్వార్టర్ గురించో. ఒక్క చెయ్యీ లేవలేదంటే రెండే కారణాలు. అందరూ సుఖంగా ఉండాలి, లేదా అందరూ భయపడుతుండాలి. పర్మేనియన్, ఫిలోటస్, క్లీటస్, తెరిచిన ఉత్తరాలు, ఇవన్నీ ఆ నది ఒడ్డున అందరికీ గుర్తున్నాయి. ఆ నిశ్శబ్దం అంత తేలిగ్గా వచ్చింది కాదు.

చివరికి ఒకడు లేచాడు. ఎవరనుకున్నారు? కోయినస్. నాలుగేళ్ల కిందట బావమరిదిని చంపమని గొంతెత్తి అరిచిన కోయినస్. మేము అధికారులం, మాకు మీరు చాలా ఇచ్చారు, నేను మాట్లాడేది సిపాయిల తరఫున అన్నాడు. మీతో బయలుదేరినవాళ్లలో ఎందరు మిగిలారో చూడండి, వాళ్లకు తల్లిదండ్రుల్ని, భార్యాబిడ్డల్ని చూడాలని ఉంది, గెలుస్తున్నప్పుడే ఆగడం కూడా గొప్పే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చారు. అలెగ్జాండర్ కోపంతో గుడారంలోకి వెళ్లి మూడు రోజులు బయటికి రాలేదు. ఎవరూ మెత్తబడలేదు. చివరికి శకునాలు బాగాలేవని, వెనక్కి తిరుగుతున్నామని ప్రకటించాడు. పన్నెండు బలిపీఠాలు కట్టించి వెనుదిరిగాడు. కొద్దిరోజులకే జీలం దగ్గర కోయినస్ జబ్బుచేసి చనిపోయాడు.

మా కంపెనీ కమాండర్ సాబ్ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. వానా ఉంది, అలసటా ఉంది, ఏనుగుల భయమూ ఉంది. కానీ ఇంతకంటే పెద్ద కష్టాల్లో అదే సైన్యం అదే నాయకుడి వెంట నడిచింది. మధ్యలో పోయింది ఒకటే. పైకి నిజం చెప్పవచ్చన్న నమ్మకం. అది ముందే ఉండి ఉంటే, ఆ గొణుగుడు బియాస్ దాకా రాకముందే ఎవరో ఒకరు రాజు చెవిన వేసేవారు. సైన్యం బియాస్ దగ్గర ఆగింది గానీ, ఫరాలో ఆ గుమ్మం దగ్గరే మాట ఆగిపోయింది.

క్రీ.పూ. 323 జూన్‌లో, 33 ఏళ్లు నిండకముందే, బాబిలోన్‌లో అలెగ్జాండర్ చనిపోయాడు. ఆయన సేనానులు రాజ్యం కోసం ఒకరినొకరు చంపుకున్నారు. సవతి సోదరుడు 317లో, తల్లి 316లో, భార్య రొక్సానా, ఆమె కొడుకు సుమారు 310లో హత్యకు గురయ్యారు. ఫిలిప్ కట్టిన సైన్యాన్ని పర్షియా ఓడించలేకపోయింది. కానీ ఆ వంశాన్ని సొంత దర్బారే మింగేసింది.

మన సైన్యంలో జేసీఓ పదవికి ఒక ప్రత్యేకత ఉంది. జవాన్ మాట ఆఫీసరు దాకా, ఆఫీసరు మనసు జవాన్ దాకా చేర్చే మనిషి మనమే. సెబాలినస్ లాంటివాడు గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూసేది మన కోసమే. మాట చిన్నదో పెద్దదో తేల్చే అధికారం మనకు లేదు. చేర్చే బాధ్యత ఉంది. సర్వీసులో ఉన్న సోదరులకు నా విన్నపం ఇది ఒకటే. ఇవాళ విన్నమాట ఇవాళే పైకి చేర్చండి. ఆఫీసర్లుగా ఉన్న పెద్దలకు కూడా చేతులు జోడించి ఒక మాట. చెప్పినవాణ్ణి చిన్నచూపు చూడకండి. వాడు ఒకసారి నోరు మూసుకుంటే మళ్లీ తెరిపించడం చాలా కష్టం.

ఆ సంగతి నాకు అనుభవమే. ఆ పోస్టులో రెండుసార్లు నా దగ్గరికి వచ్చిన కుర్రాడు, ఆ తర్వాత రెండేళ్లు నా కంపెనీలోనే ఉన్నాడు. మంచి సిపాయి. ఎప్పుడు కనిపించినా సెల్యూట్ చేసేవాడు, డ్యూటీ మాట ఉంటే చెప్పేవాడు. అంతకుమించి ఒక్క మాట కూడా నాతో చెప్పలేదు.

జైహింద్.